కంది పొట్టు మీద బూజు పంట

వానలు పడకముందే, కంది విత్తేందుకు ఇంకా వారం పది రోజులుందనగా, వ్యవసాయ శాస్త్రవేత్తలు మన రైతులకు ఒక పని చెబుతారు. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడె పొడి 2 కిలోలు కలిపి, చెట్టు నీడన కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, గోనెసంచులు కప్పమంటారు. రెండు మూడు రోజులు గడిచాక సంచి ఎత్తి చూస్తే ఎరువు మీద తెల్లటి నూలుపోగులు. ఇంకో నాలుగు రోజులకు అవే పచ్చబడతాయి. ఆ ఎరువును చేనంతా చల్లితే కందికి ఎండు తెగులు తగ్గుతుంది.

తెలంగాణలోని తాండూరు, బంట్వారం నల్లరేగళ్లలో కంది పండించేవాళ్లకు ఎండు తెగులు పాత శత్రువే. పచ్చగా నిలబడ్డ చెట్టు పూత దశలో ఉన్నట్టుండి వాడిపోతుంది. దానికి కారణం ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం. అంటే ఒక బూజును అణచడానికి ఇంకో బూజును పెంచుతున్నారన్నమాట. పెంచే తీరు చూస్తే, పరిశ్రమలకు ఎంజైములు తయారుచేసే అతి పాత పద్ధతికి అది తమ్ముడి వరస.

బూజుకు నోరు లేదు, కడుపు లేదు. పొట్టు మీదో కట్టె మీదో పడితే తన ఎంజైములను బయటికే వదులుతుంది. అవి పిండిపదార్థాన్నీ పీచునూ చక్కెరలుగా విరిచాక ఆ రసాన్ని పీల్చుకుంటుంది. ఎంజైము ఒంటి బయటే దొరుకుతుంది కాబట్టి, బూజు పట్టిన పొట్టును నీళ్లలో నానబెట్టి పిండి వడకడితే చాలు, సగం పని అయిపోయినట్టే. పరిశ్రమ పుట్టింది ఈ సులువు మీదే.

మొదలుపెట్టినవాడు జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకమినే. జపాన్‌లో సాకే మద్యం కోసం బియ్యాన్ని చక్కెరగా మార్చేది ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు. 1890లో అమెరికా చేరిన తకమినే, ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఆ బూజును గోధుమ పొట్టు మీద పెంచి, విస్కీ బట్టీల్లో బార్లీ మాల్టుకు బదులు వాడాలని చూశాడు. మాల్టు వ్యాపారులు తమ బతుకుదెరువు పోతుందని ఎదురుతిరిగారు, ఆ ప్రయత్నం సాగలేదు. 1894లో అదే ఎంజైముకు పేటెంటు తీసుకున్నాడు. పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని టాకా-డయాస్టేజ్ పేరుతో అజీర్తి మందుగా అమ్మింది. అలా, మర పట్టగా మిగిలిన పొట్టు మందుల దుకాణానికి ఎక్కింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఒరైజేకు అతి దగ్గరి చుట్టం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగలో, మొక్కజొన్నలో కాలేయానికి విషమైన అఫ్లాటాక్సిన్‌ను పుట్టించేది అదే. పొట్టు మీద దానంతట అది మొలిచిన బూజల్లా ఎంజైము పంట కాదు.

పియోరియా పేరు మళ్లీ వినబడింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1941లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పెన్సిలిన్ బూజుతో వచ్చిన శాస్త్రవేత్తలు ఫ్లోరీ, హీట్లీలకు అక్కడి వ్యవసాయ పరిశోధనశాల ఆసరా ఇచ్చింది. మొక్కజొన్న నుంచి పిండి తీయగా మిగిలే నానబెట్టిన నీళ్లే పెన్సిలిన్ దిగుబడిని అమాంతం పెంచాయి. ఇదీ వ్యవసాయ వ్యర్థమే. అయితే ఆ విజయం పొట్టును ట్రేల్లో పరిచి బూజు పెంచే పద్ధతికి దెబ్బ కొట్టింది. గాలి ఊదుతూ, మరతో తిప్పుతూ, పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకుల్లో ద్రవంలో పెంచే పద్ధతి నిలదొక్కుకుంది. ట్యాంకులో వేడిని, పులుపును ఎప్పటికప్పుడు కొలిచి సర్దవచ్చు, పొట్టు కుప్పలో ఆ వీలు తక్కువ. పాశ్చాత్య కంపెనీలు ట్యాంకులకు మళ్లాయి. జపాన్ మాత్రం ట్రేలను వదల్లేదు.

అదే యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యానికి ఇంకో తిప్పలొచ్చింది. నూలు గుడారాలు, బట్టలు ఆ తేమకు చీకి చిరుగులయ్యేవి. ఎందుకో తేల్చడానికి వేల రకాల బూజులను సేకరించారు. సాలమన్ దీవుల్లోని బూగన్‌విల్‌లో దొరికిన ఒకటి పత్తి పీచును మిగతావాటికన్నా జోరుగా తినేసింది. మసాచుసెట్స్‌లోని నాటిక్ సైనిక పరిశోధనశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడె అనే అనుకున్నారు, మన రైతు పశువుల ఎరువులో కలిపే పొడి మీద ఉండే పేరే. వేరే జాతి అని తేలాక 1977లో రీస్ పేరిట ట్రైకోడెర్మా రీసై అన్నారు. 1973 చమురు సంక్షోభంతో ప్రశ్న తిరగబడింది. గుడ్డ చీకకుండా ఆపడమెలా అన్నవాళ్లే, గడ్డిని, కట్టెను త్వరగా చీకేలా చేసి ఇంధనం తీయడమెలా అని అడిగారు. ఈనాడు పీచును విరిచే సెల్యులేజ్ ఎంజైమును అమ్మే కంపెనీల్లో చాలావాటి ట్యాంకుల్లో ఉన్నది ఆ ఒక్క బూజు సంతానమే.

మన దేశంలో ట్రేల పద్ధతి నిలబడడానికి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ, తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనశాల ముఖ్య కారణాలు. సీఎఫ్‌టీఆర్‌ఐలో లోన్సానే బృందం 1985లో దీని ఇంజినీరింగ్ చిక్కులను విడమరిచి చెప్పింది. అన్నింటిలో పెద్ద చిక్కు వేడి. తడి పొట్టును ఆవిరికి ఉడికించి, చల్లార్చి, బూజు బీజాలు కలిపి, 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పెరిగే బూజు తానే వేడి పుట్టిస్తుంది. పొర మందమైతే నడిమధ్య వేడి బయటికి పోదు, ఆ సెగకు బూజు తానే చచ్చిపోతుంది. అందుకే ట్రేలో పొట్టును రెండు మూడు అంగుళాలకు మించి పోయరు. బెంగళూరులో 1978లో మొదలైన బయోకాన్ తొలినాళ్ల వ్యాపారం ఎంజైములదే. బూజు ఎంజైములను జపాన్ ట్రేల పద్ధతిలో తీయడం మొదలెట్టి, వేడిని అదుపు చేసే సొంత యంత్రం దాకా వెళ్లింది. చివరికి 2007లో ఎంజైముల విభాగాన్ని డెన్మార్క్ కంపెనీ నోవోజైమ్స్‌కు అమ్మేసింది.

తెలుగు నేల మీద పని ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ పరిశోధనశాలల్లో జరిగింది. 2002లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎల్లయ్య బృందం పిండిని చక్కెరగా విరిచే గ్లూకోఅమైలేజ్ ఎంజైము కోసం ఆస్పర్‌జిల్లస్‌ను గోధుమ పొట్టు, తవుడు, పెసర పొట్టు, మినప పొట్టు, జొన్న పిండి లాంటి వాటి మీద పెంచి చూసింది. గెలిచింది గోధుమ పొట్టే. 2006లో హైదరాబాద్ భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో ప్రకాశం బృందం పెసర పొట్టు మీద ప్రోటీన్లను విరిచే ప్రోటియేజ్ ఎంజైమును తీసింది, కాకపోతే అక్కడ పనిచేసింది బూజు కాదు, బాసిల్లస్ బ్యాక్టీరియా. ఇలాంటి పత్రాలు దేశమంతటా గుట్టలుగా ఉన్నాయి. తేమ ఇంత, వేడి ఇంత, రోజులు ఇన్ని అని లెక్క తేల్చి అంతటితో ఆపేసినవే ఎక్కువ. ఫ్లాస్కులో పిడికెడు పొట్టు మీద వచ్చిన దిగుబడి టన్ను పొట్టు మీద రాదు. ఆ దూరం దాటించే పని చాలావరకు ఎవరి ఒళ్లోనూ పడలేదు.

తాండూరుకు సంబంధించి నన్ను బాగా ఆకట్టుకున్న పరిశోధన మాత్రం 2009లో సీఎఫ్‌టీఆర్‌ఐ నుంచి వచ్చింది. కందిలో పొట్టుకూ పప్పుకూ నడుమ గట్టి జిగురు ఉంటుంది. అది వదలడానికి మిల్లుల్లో గింజకు గీట్లు పెట్టి, నూనె పట్టించి, నీళ్లు చల్లి, ఎండబెడతారు. ఒకప్పుడు కొన్నిచోట్ల ఎర్రమట్టి పూసేవారు. ఎంత చేసినా కొంత పప్పు నూకగా, పొడిగా పోతుంది. మైసూరు వాళ్లు నూనెకు బదులు, పీచును విరిచే జైలనేజ్ ఎంజైమును, దాంతోపాటు ప్రోటియేజ్‌ను పట్టించి చూశారు. జిగురు కరిగి పొట్టు తేలిగ్గా ఊడింది. జైలనేజ్‌ను బూజులు పొట్టు మీదే తయారుచేస్తాయి. కందిని ఒలిచే మందును కంది ఒలుపు మీదే పండించవచ్చన్నమాట. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఇంతకన్నా దగ్గరి ప్రయోగం ఉండదు.

అయితే కంది పొట్టు ఊరికే పడి ఉండేది కాదు. పాడి రైతులు దాణాకు కొంటారు, ధర ఉంది. కంది కట్టె పొయ్యిలోకి పోతుంది. నిజంగా వృథా అయ్యేది పత్తి కట్టె. ఏరడం అయిపోయాక చేలోనే కాల్చేస్తారు. దాంట్లో పీచు దండిగా ఉన్నా లిగ్నిన్ అనే గట్టి పదార్థం దాన్ని చుట్టుకుని ఉంటుంది. ముక్కలు చేయాలి, క్షారంలోనో ఆవిరిలోనో మగ్గబెట్టాలి, ఆ ఖర్చు ముందే మీద పడుతుంది. నా మట్టుకు మొదట చూడాల్సింది కొనేవాళ్ల వైపు. ధాన్యంలో చిక్కుకున్న భాస్వరాన్ని కోడికి అందించే ఫైటేజ్ ఎంజైమును, ఆస్పర్‌జిల్లస్ జన్యువు సాయంతో తయారుచేసి, యూరప్‌లో 1991 నుంచే దాణాలో కలుపుతున్నారు. చేవెళ్ల, షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాలకు కొదవ లేదు. దాణాలో కలిపే ఎంజైముకు మందుల కంపెనీ కోరేంత శుద్ధి అక్కర్లేదు. బూజు పట్టిన పొట్టును ఆరబెట్టి, పొడి కొట్టి, విషం లేదని పరీక్ష చేయించి, ఎంజైము బలం ఎంతో సంచి మీద రాసి అమ్మవచ్చు.

కాలం కూడా కలిసొస్తుంది. కంది కోతలు ముగిసి తాండూరు మిల్లులు జోరందుకునేది జనవరి, ఫిబ్రవరిలో. పొట్టు కొత్తగా, పురుగు పట్టకుండా దొరికే రోజులవి. బయట చలి కాబట్టి ట్రేల వేడి తీయడానికి ఫ్యాన్లు చాలు. మే నెలలో రేకుల షెడ్డు కింద అదే పని చేయాలంటే ఏసీ బిల్లు పొట్టు ధరను మింగేస్తుంది.