కృష్ణ పదార్థ విలయం: గామా కిరణాల అంచనాలు

కృష్ణ పదార్థ కణాలు రెండు ఎదురుపడి ఒకదాన్నొకటి హరించుకుంటే గామా కిరణాలు పుట్టవచ్చు. విశ్వం నలుమూలల నుంచీ అలా వచ్చి చేరే కాంతి ఎంతో ముందే లెక్కగట్టే ప్రయత్నమిది. వాడుకలో డార్క్ మేటర్ అన్న మాటే ఎక్కువ. ఆ కణం మాత్రం ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు.

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీ గుచ్ఛంలో లోటు ద్రవ్యరాశిని గమనించాడు. 1970ల్లో వేరా రూబిన్ పరిశీలనలు కనిపించని పదార్థం ఉందన్న వాదానికి బలమిచ్చాయి.

అసలు కథ 1978తో మొదలు. ఆ ఏడాది ఆస్ట్రోఫిజికల్ జర్నల్ ఒకే సంపుటిలో రెండు పత్రాలు వచ్చాయి. జేమ్స్ గన్, బెంజమిన్ లీ, లెర్చే, డేవిడ్ ష్రామ్, గ్యారీ స్టైగ్‌మన్‌లు కృష్ణ పదార్థం కాగల బరువైన తటస్థ లెప్టాన్లనే కణాలు ఉంటే ఏమవుతుందో చర్చించగా, ఫ్లాయిడ్ స్టెకర్ వాటి విలయం వల్ల ఆకాశమంతా పరుచుకునే గామా నేపథ్యాన్ని గణించాడు.

ఈ లెక్కకు ఆయువుపట్టు సాంద్రత వర్గం. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర జనం రెట్టింపైతే, భుజాలు రాసుకునే జంటలు నాలుగింతలవుతాయి. ఇక్కడా అంతే. పలచగా పరుచుకున్న పదార్థం కన్నా ముద్దలు కట్టినదే ఎక్కువ వెలుగునిస్తుంది. చిక్కూ అక్కడే ఉంది: కంప్యూటర్ అనుకరణలకు అందనంత చిన్న ముద్దలు ఎన్ని ఉన్నాయనుకుంటే జవాబు అంత మారిపోతుంది.

2001లో బెర్గ్‌స్ట్రోమ్, ఎడ్స్యో, ఉల్లియో, మరుసటి ఏడు సెడ్రిక్ లేసీతో కలిసి, ఈ లెక్కను మరింత వివరమైన స్థాయికి తెచ్చారు. విలయంలో ఒకే శక్తితో పుట్టిన కిరణాలు దూరాన్ని బట్టి విశ్వ వ్యాకోచంలో శక్తి కోల్పోతాయి. అధిక శక్తి కిరణాల్ని దారిలో నక్షత్రకాంతి మింగేస్తుంది. అందుచేత వర్ణపటంలో సన్నగా ఉండాల్సిన గీత ఒక పక్కకు జారి, అంచు తెగినట్టు కనిపించాలి.

ఈగ్రెట్ అనే అంతరిక్ష గామా పరికరం కొలిచిన నేపథ్యాన్ని 1998లో పి. శ్రీకుమార్ బృందం ప్రకటించింది. 2008లో ఎగిరిన ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు ఆ కొలతను మెరుగుపరచింది. 50 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడ్డ నేపథ్యంలో సుమారు 86 శాతం బ్లేజార్లనే చురుకైన గెలాక్సీలదేనని 2016లో తేలడంతో కృష్ణ పదార్థానికి మిగిలిన వాటా కుంచించుకుపోయింది.

తెలుగు నేలకు ఇందులో చోటు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ద్వారా దక్కింది. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం అక్కడ తయారైన 21 మీటర్ల మేస్ గామా కిరణ టెలిస్కోపును 2014లో లడఖ్‌కు తరలించారు. 356 అద్దపు పలకలు, 1,088 కాంతి గొట్టాల కెమెరాతో అది దాదాపు 4.3 కిలోమీటర్ల ఎత్తున అక్కడి హాన్లేలో నిలిచింది. 2024 అక్టోబరు 4న ప్రారంభోత్సవం జరిగింది. గామా కిరణం గాలిని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపు సెకనులో కొన్ని వందకోట్లవ వంతులే ఉంటుంది. కెమెరా ఆ లోపే దాన్ని పట్టాలి. ఒకసారికి ఆకాశంలో చిన్న తునకనే చూస్తుంది గనుక విశ్వమంతటి నేపథ్యం కన్నా మరుగుజ్జు గెలాక్సీల వంటి విడి లక్ష్యాలే దీనికి అనువు.