‘అపరిమితము’ అను మాట వెనుక

వ్యాపార ప్రకటనలలోని మాటలకును చరిత్ర కలదు. మన యిండ్లకు వచ్చు ఇంటర్నెట్టు విషయమున అట్టి చరిత్ర గల మాట ‘అన్‌లిమిటెడ్’, అనగా అపరిమితము. దాని వెనుక పరిమితి యెట్లు దాగినదో తెలియుటకు ఇరువది యేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

2004లో కేంద్ర ప్రభుత్వము తన విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగమునకు బ్రాడ్‌బ్యాండు అని పేరు పెట్టెను. మరుసటి యేడు గృహములకు కనెక్షనులు రాసాగెను. అప్పటి పథకములు పెక్కింట పరిమితి బహిరంగముగనే యుండెడిది. నెలకు ఒక జీబీ వంటి స్వల్పమైన కొలత. అది దాటిన ప్రతి ఎంబీకిని వేరుగ రుసుము. ఆ 256 కిలోబిట్ల వేగముననే ఎడతెగక వాడినచో ఒక జీబీ తొమ్మిది గంటలు నిండక మునుపే తీరిపోవును! కొన్ని పథకములలో రాత్రి రెండు గంటలు మొదలు ఉదయము ఎనిమిది వరకు వాడుకకు లెక్క లేదు. కనుక అలారము పెట్టుకొని రెండింటికి లేచి, డౌన్‌లోడు ప్రారంభించి, మరల పండుకొనిన కుర్రవాండ్రు పెక్కుమంది. వారి నిద్రలేమిని గూర్చి తల్లిదండ్రులు చెప్పవలెను గాని చరిత్రకారులు చెప్పజాలరు. ఏమైనను అది కంటికి కనబడు పరిమితి.

కనబడని పరిమితికి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలోనిది. అచ్చటి కామ్‌కాస్ట్ అను పెద్ద కేబుల్ సంస్థ, అధికముగ వాడుచున్నారని కొందరు చందాదారులను హెచ్చరించి సేవను నిలిపివేసెను. ఎంత వాడిన అధికమగునో మాత్రము చెప్పలేదు. విమర్శలు చెలరేగిన పిమ్మట, 2008 అక్టోబరు 1 నుండి నెలకు 250 జీబీ యని అంకెను ప్రకటించెను. పరిమితి యుండుటయే అన్యాయమని నేననను. పెక్కు ఇండ్లు పంచుకొను మార్గమది. అందరును ఒకేసారి పూర్తి వేగమును వాడరను లెక్క మీదనే సంస్థలు కనెక్షనులు అమ్మును. కాని కొలత చెప్పక శిక్షించుట కుంచము చూపక ధాన్యము కొలుచుట వంటిది.

మన దేశమున సేవను నిలుపుటకు మారుగ వేగమును తగ్గించు పద్ధతి ప్రబలెను. దాని పేరు ‘ఫెయిర్ యూసేజ్ పాలసీ’. ప్రకటనలో పెద్ద అక్షరములతో అపరిమితము. అడుగున చీమలబారు వంటి అక్షరములతో, ఇన్ని జీబీల పిమ్మట వేగము తగ్గునని. టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ ఈ విషయమున 2012లో ఒకసారియు, 2016 అక్టోబరు 31న మరొకసారియు ఆదేశములిచ్చెను. పరిమితి యెంతయో, అది దాటిన పిమ్మట వేగమెంతయో స్పష్టముగ తెలుపవలెనని అందలి సారాంశము. ఇంటి కనెక్షనుకు ఆ వేగము 512 కిలోబిట్లకు తగ్గరాదని 2016 నాటి ఆదేశము. బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కావలసిన కనీస వేగము 2013 నుండి ఆనాటి వరకు అంతయే యుండెను గదా!

నేడు అపరిమితమని అమ్ముచున్న కొన్ని ఫైబరు పథకములలో 3300 జీబీ అను అంకె కనబడుచున్నది. వంద మెగాబిట్ల వేగమున ఎడతెగక వాడినచో అది తీరుటకు సుమారు 73 గంటలు పట్టును. సామాన్య కుటుంబమునకు నెల గడచుటకు ఇది చాలును. ఐనను కనెక్షను కుదుర్చుకొనునపుడు, ఎన్ని జీబీలు, ఆపై వేగమెంత అని అడిగి వ్రాతలో తీసికొనవలెను. ఇంటినుండి పైకి పంపునదియు లెక్కలోనికి వచ్చునా అనునది మూడవ ప్రశ్న. వాకిట కెమెరా పెట్టుకొనిన వారికి ఇదియే ముఖ్యము. అది రేయింబవళ్ళు బొమ్మలు పంపుచునే యుండును.