ఆకాశంలో దారి ఎవరి చేతిలో ఉంది?

మనం ఊరికి వెళ్ళాలంటే కౌలాలంపూర్‌లో విమానమెక్కి బంగాళాఖాతం దాటాలి. నడిసముద్రం మీద నేలమీది రాడార్ అందదు. అక్కడ పైలట్‌కు దారి చెప్పే సాధనాల్లో ముఖ్యమైనది జీపీఎస్. మన ఫోన్లలో ఉన్నదీ అదే. దాన్ని నడిపేది అమెరికా సైన్యం. సైన్యం సొత్తు మామూలు ప్రయాణికుల దాకా ఎలా వచ్చింది?

దాని వెనుక 269 ప్రాణాలున్నాయి. 1983 సెప్టెంబర్ 1న న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్ వెళ్తున్న కొరియా విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. ఒక్కరూ మిగల్లేదు. ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్, జీపీఎస్ సిద్ధమయ్యాక పౌరవిమానాలకు కూడా ఇస్తామని ప్రకటించాడు.

ఇచ్చారు గానీ, పగ్గాలు వదల్లేదు. పౌరులకు వచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. దాంతో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో క్లింటన్ దాన్ని ఆపించాడు.

విమానం దిగడానికి కొద్దిపాటి తేడా కూడా ప్రమాదమే. అందుకే ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి 'గగన్' తయారుచేశాయి. 15 నేల కేంద్రాలు జీపీఎస్ తప్పులను లెక్కగడతాయి, ఉపగ్రహం ఆ సవరణను విమానానికి అందిస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం దీని సాయంతో దిగింది. అయితే గగన్ సరిదిద్దేది జీపీఎస్‌నే. అసలుది ఆగితే ఇదీ ఆగుతుంది.

అందుకని భారత్ సొంతంగా 'నావిక్' మొదలుపెట్టింది. 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచి తొలి ఉపగ్రహం ఎగిరింది. విదేశాల్లో కొన్న దాని అణుగడియారాలు మూడూ పాడయ్యాయి. బదులుగా 2017లో పంపినది ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2023లో స్వదేశీ గడియారంతో ఒకటి వెళ్ళింది. 2025 జనవరిలో పంపిన మరొకటి అనుకున్న కక్ష్యకు చేరలేదు. సొంతదైతే చాలదు, అది నికరంగా పనిచేయాలి.

మలేషియాలో ఉన్న మనకు ఎం.హెచ్. 370 గుర్తుకు రాక మానదు. 2014 మార్చి 8న 239 మందితో అది మాయమైంది. ఉపగ్రహాలుండగా ఎలా పోయిందని అందరం అడిగాం. జీపీఎస్ విమానానికి దాని చోటు చెబుతుంది, అంతే. ఆ సంగతి నేలమీది వాళ్ళకు విమానమే పంపాలి. ఆ సంకేతం ఆగిపోయింది. ఆ తర్వాతే, సముద్రం మీద విమానం ఎక్కడుందో కనీసం 15 నిమిషాలకోసారి తెలియాలన్న అంతర్జాతీయ నియమం 2018లో వచ్చింది.

ఇప్పుడు ఇంకో బెడద, దొంగ సంకేతాలు. ఎవరో నకిలీ జీపీఎస్ సంకేతం పంపితే విమానం లేనిచోట ఉన్నట్టు చూపిస్తుంది. 2025లో ఢిల్లీ దగ్గర ఇలా జరిగిందనీ, హైదరాబాద్, చెన్నైల నుంచీ ఫిర్యాదులున్నాయనీ అప్పటి విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు చెప్పారు. పాత నేలమీది రేడియో సాధనాలను అందుకే కొన్నైనా ఉంచుతున్నామన్నారు.

అది మంచి మాట. జీపీఎస్ ఉండగా ఈ పాత సామాను ఖర్చెందుకని రేపు ఏ ప్రభుత్వమైనా అంటే మనం ఒప్పుకోకూడదు. రెండేళ్ళకో మూడేళ్ళకో పిల్లల ముఖం చూడటానికి ఆ విమానాల్లో వెళ్ళేది మనమే.