ఎవరి సరుకు, ఎవరి జెండా

2024 జనవరిలో గాజా యుద్ధానికి నిరసనగా మెల్‌బోర్న్ వెబ్ డాక్ రేవు దారికి అడ్డంగా జనం బైఠాయించారు. వాళ్ల గురి ఇజ్రాయెల్ ఓడల కంపెనీ ‘జిమ్’ మీద. అప్పుడు వివాదంలో చిక్కుకున్న ఆ కంపెనీ ఓడ పేరు గాంజెస్, అంటే సాక్షాత్తూ మన గంగమ్మే. కొన్ని రోజులు చూసి పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టి, పలువురిని అరెస్టు చేసి దారి తెరిచారు. ఇలాంటి వార్త చదివితే మన ఊళ్లలో ఎవరికైనా వచ్చే సందేహం ఒకటుంది. యుద్ధం చేసేది ప్రభుత్వాలైతే కంపెనీతో గొడవెందుకు? కిరాయికి బండి కట్టినవాణ్ణి నిలదీస్తే ఒరిగేదేమిటి? దానికి జవాబు కావాలంటే నేనిప్పుడు ఉంటున్న ఈ ఆస్ట్రేలియా రేవుల చరిత్రలో కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ పోరాటాలను సరుకు ఆగిందా లేదా అని కొలిస్తే చాలావరకు ఓడిపోయినట్టే కనిపిస్తాయి. మామూలు వ్యాపారం కింద చలామణీ అవుతున్న యుద్ధాన్ని యుద్ధమని ఒప్పించగలిగాయా అని చూస్తే లెక్క మారుతుంది.

1938 నవంబరు 15న సిడ్నీకి దక్షిణాన ఉన్న పోర్ట్ కెంబ్లా రేవులో డాల్‌ఫ్రమ్ అనే ఓడలోకి దుక్క ఇనుము ఎక్కించబోమని కూలీలు చేతులు ముడుచుకున్నారు. దుక్క ఇనుమంటే మన విశాఖ ఉక్కు కార్మికులు పిగ్ ఐరన్ అనేదే. ఆ ఇనుము వెళ్లాల్సింది జపాన్‌లోని కోబె రేవుకు. నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం సాగించిన ఊచకోతకు అప్పటికింకా ఏడాది నిండలేదు. ఈ ఇనుము బాంబులై చైనా మీద పడుతుంది, రేపు మన మీదా పడుతుంది అన్నది కూలీల వాదన. వాళ్లు సుమారు 180 మంది, నాయకుడు టెడ్ రోచ్. ప్రభుత్వ వాదన వేరు: జపాన్‌తో మనకు యుద్ధం లేదు, ఇది చట్టబద్ధమైన వ్యాపారం, విదేశాంగ విధానం నిర్ణయించాల్సింది ఎన్నికైన ప్రభుత్వమే గాని యూనియన్ కాదు. ఆ మాట గట్టిగా వినిపించినవాడు అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ మెంజీస్. విడ్డూరమేమిటంటే, దేశంలో నిల్వలు తరిగిపోతాయన్న కారణం చూపి అదే ప్రభుత్వం ఆ ఏడాది జులైలోనే ముడి ఇనుప ఖనిజం ఎగుమతిని నిషేధించింది. మట్టి వెళ్లకూడదట, దాన్ని కరిగించి పోసిన దిమ్మెలు మాత్రం వెళ్లొచ్చట! కూలీలను లొంగదీయడానికి 1928 నాటి చట్టాన్ని బయటికి తీశారు. దాని ప్రకారం రేవులో పని చేయాలంటే లైసెన్సు ఉండాలి. కార్మికులు దానికి ‘కుక్కపట్టీ చట్టం’ అని పేరు పెట్టారు, పోర్ట్ కెంబ్లాలో ఆ పట్టీ మెడకు కట్టించుకోవడానికి దాదాపు ఎవరూ ముందుకు రాలేదు. డిసెంబరులో అక్కడి ఉక్కు కంపెనీ కార్ఖానా మూసేసింది. క్రిస్మస్ ముందర సుమారు నాలుగు వేల మందికి పని పోయింది. తెల్లవాళ్లు తప్ప వేరెవరూ వలస రాకూడదని విధానం పెట్టుకున్న దేశమిది, ఆ విధానాన్ని కార్మిక సంఘాలు కూడా మోశాయి. అటువంటి చోట సమ్మె కూలీల ఇళ్లకు సిడ్నీ చైనీయులు కూరగాయలూ పళ్లూ లారీల్లో పంపారు.

రెండు నెలలకు పైగా నిలబడ్డాక, 1939 జనవరిలో కూలీలు నిరసన తెలుపుతూనే ఇనుము ఎక్కించారు. ఓడ వెళ్లిపోయింది. సరుకు లెక్కన చూస్తే ఇది ఓటమే. కానీ మెంజీస్ స్వయంగా ఆ ప్రాంతానికి రావలసి వచ్చింది, ఈసడింపుల మధ్య నిలబడి ఆ ఎగుమతిని సమర్థించుకోవలసి వచ్చింది. ‘పిగ్ ఐరన్ బాబ్’ అన్న పేరు ఆయనకు చచ్చేదాకా వదల్లేదు. తర్వాత రెండు విడతలుగా పద్దెనిమిదేళ్లకు పైగా ప్రధానిగా ఉన్నా వదల్లేదు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు కురిపించాక, వ్యాపారానికీ యుద్ధానికీ సంబంధం లేదన్న వాదన చెల్లని కాసైంది. ఆ బాంబుల్లో పోర్ట్ కెంబ్లా ఇనుము ఉందో లేదో ఎవరూ తూచి చెప్పలేరు. ఆ సంగతి ఒప్పుకోకుండా కథను మరీ అందంగా చెప్పేవాళ్లూ ఇక్కడున్నారు.

సరుకు నిజంగానే ఆగిన సందర్భం కూడా ఉంది, అందులో మనవాళ్ల చెయ్యి ఉంది. 1945 ఆగస్టు 17న ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జపాన్ ఆక్రమణ కాలంలో డచ్ వలస ప్రభుత్వం ప్రవాసంలో తలదాచుకున్నది ఆస్ట్రేలియాలోనే. వలసను మళ్లీ నిలబెట్టడానికి కావలసిన ఆయుధాలు, సైనికులు, సరంజామా వెళ్లాల్సింది బ్రిస్బేన్, సిడ్నీ రేవుల నుంచే. సెప్టెంబరు చివర్లో ఇక్కడి కూలీలు డచ్ ఓడలను బహిష్కరించారు. ఇండోనేషియా నావికులు ముందే ఓడలు దిగారు, కాబట్టి కంపెనీలు వాళ్ల చోట లస్కర్లను, అంటే భారతీయ నావికులను, ఎక్కించాయి. వాళ్లలోనూ వందలాది మంది దిగిపోయారు. ఒప్పందం మీద సంతకం చేసి ఓడ దిగిపోతే చట్టం దృష్టిలో అది నేరం. తెల్లవాళ్ల దేశంలో చేతిలో జీతం లేక, స్థిరపడే హక్కు లేక నిలబడడం స్థానిక కూలీ చేసిన సమ్మె కంటే ఎన్నో రెట్లు కష్టం. యోరిస్ ఇవెన్స్ అనే డచ్ దర్శకుడు ఆ వలస ప్రభుత్వం ఇచ్చిన ఫిల్మ్ కమిషనర్ ఉద్యోగం వదులుకుని 1946లో తీసిన ‘ఇండోనేషియా కాలింగ్’ అనే చిన్న చిత్రంలో, వెళ్లిపోతున్న ఓడను లాంచీలో వెంబడించి భారతీయ నావికులకు విన్నపం చేసే దృశ్యం ఉంది. నావికులు ఇలా ఓడలు దిగుతున్న రోజుల్లోనే ఇండోనేషియాలోని సురబయా వీధుల్లో బ్రిటిష్ జెండా కింద ఇండోనేషియన్లతో పోరాడుతున్నది భారతీయ సిపాయిలే. నెహ్రూ బహిరంగంగా అభ్యంతరం చెప్పింది దానికే. ఒకే దేశపు బిడ్డలు ఒక చోట తుపాకీ పట్టారు, ఒక చోట ఓడ దిగారు. ఈ రెండో సంగతికి మన పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కలేదు. 1947 జులైలో డచ్ సైన్యం పూర్తిస్థాయి దాడికి దిగినప్పుడు ఈ విషయాన్ని భద్రతా మండలి ముందుకు తీసుకెళ్లిన దేశాలు భారత్, ఆస్ట్రేలియా. రేవు కూలీ మొదలుపెట్టిన వాదన రెండేళ్లకు ప్రభుత్వం నోట వినపడింది.

వియత్నాం నాటి కథ చిన్నదే గానీ నా వాదనకు ప్రాణం అక్కడే ఉంది. 1967లో బూనరూ అనే ప్రభుత్వ సరుకు ఓడను ఆయుధాలతో వియత్నాం తీసుకెళ్లబోమని నావికుల సంఘం తెగేసి చెప్పింది. ప్రభుత్వం మార్చి 1న ఆ ఓడను నేవీలో చేర్చేసి నావికాదళ సిబ్బందితో నడిపింది. ఆస్ట్రేలియా నేవీ సొంత తెల్ల జెండా అమల్లోకి వచ్చింది ఆ రోజే, దాని కింద నేవీలో చేరిన మొదటి ఓడ ఇదే. జెపారిట్ అనే మరో ఓడకు 1969 డిసెంబరులో ఇదే గతి పట్టింది. రెండూ వియత్నాం వెళ్లాయి. నావికులు గెలిచారని ఎవరూ అనరు. అయితే వర్తకపు ఓడ రూపంలో వెళ్లాల్సిన యుద్ధం యుద్ధనౌకగా వెళ్లింది. తన పనికి తన జెండానే కట్టుకోవలసిన అవసరం ప్రభుత్వానికి కలిగించారు.

మరి ఇప్పుడు కూలీలు ఎందుకు ఆపరు? చట్టం వాళ్ల చేతులు కట్టేసింది గనక. తమ యజమానితో తగాదా లేకుండా మరో కంపెనీ వ్యాపారాన్ని దెబ్బతీసేలా మూకుమ్మడిగా పని ఆపడాన్ని నిషేధిస్తూ 1977లో వాణిజ్య చట్టంలో 45డి సెక్షన్ చేర్చారు. ఇప్పటి పోటీ చట్టంలోనూ అది ఉంది, పైగా ఎగుమతి దిగుమతులను అడ్డుకోవడం మీద ప్రత్యేక నిబంధన కలిసింది. బహిష్కరణ పర్యావరణం కోసమో వినియోగదారుల రక్షణ కోసమో అయితే మినహాయింపు ఉంది, అదీ పని మానేయడం రూపంలో కాకపోతేనే. శాంతి ఆ జాబితాలో లేదు. తమ వేతన ఒప్పందం బేరసారాల్లో తప్ప సమ్మెకు రక్షణే లేదు. పని ఆపగలిగినవాడికి నోరు లేదు, నోరున్న పౌరుడి చేతిలో క్రేన్ లేదు. అందుకే ఆ పౌరుడు పోయి కంపెనీ గుమ్మం ముందు కూర్చున్నాడు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మెంజీస్ వేసిన ప్రశ్నే ఇప్పటికీ బలమైనది. ఎన్నికైన ప్రభుత్వం ఉండగా కొందరు కూలీలో, ఒక కంపెనీ మేనేజరో విదేశాంగ విధానం నడపొచ్చా? రేపు ఇంకెవరో తమకు నచ్చని దేశానికి మందులు వెళ్లనివ్వమంటే? ఈ భయాన్ని కొట్టిపారేయను. ఈ దేశపు సంఘాలూ అన్ని యుద్ధాలనూ ఒకే కంటితో చూడలేదు, కమ్యూనిస్టు నాయకత్వం ఉన్నచోట మాస్కో గాలి వాటం పనిచేసింది కూడా. కానీ గమనించాల్సిందేమిటంటే, 1938లో ప్రభుత్వం విధాన నిర్ణయం తన హక్కేనంటూనే, ఆ ఎగుమతిని మాత్రం ‘ఇది మా విధానం’ అనలేదు, ‘ఇది వ్యాపారం’ అంది. విధానమని ఒప్పుకుంటే పార్లమెంటులో జవాబు చెప్పాలి, వ్యాపారమంటే చెప్పనక్కర్లేదు. అడ్డుకున్నవాళ్లు ప్రభుత్వపు నిర్ణయాధికారాన్ని లాక్కోలేదు, దాన్ని బహిరంగంగా వాడమని పట్టుబట్టారు. ఇక పెట్టెలో ఏముందో తమకేం తెలుసని కంపెనీలు అంటాయి. సగం నిజం. వేల కంటెయినర్లలో విడిభాగాలు ఏ పేరుతో పోతున్నాయో కెప్టెన్‌కు తెలియకపోవచ్చు. పేలుడు పదార్థాలైతే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ప్రకటించి తీరాలి. జిమ్ సంగతి మరీ తేలిక: అందులో ఇజ్రాయెల్ ప్రభుత్వానికి ప్రత్యేక వాటా హక్కుంది, 2023 అక్టోబరులో తన ఓడలను దేశ అవసరాలకు ఇస్తామని కంపెనీయే చెప్పింది. బండివాడు తాను కిరాయికే వచ్చానని చెప్పుకోలేని చోటు అది.

ప్రస్తుత ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపలేదని చెబుతూ, ఎఫ్-35 యుద్ధవిమానాల ప్రపంచ సరఫరా గొలుసులోకి ఇక్కడి నుంచి వెళ్లేవి ‘ప్రాణాంతకం కాని’ భాగాలని అంటోంది. 1938లో ఖనిజానికీ దిమ్మెకూ గీసిన గీత గుర్తొస్తుంది.

మన దగ్గరా ఈ గీత మీద ప్రశ్న లేచింది. 2024 ఫిబ్రవరిలో భారత జల రవాణా కార్మికుల సమాఖ్య 11 పెద్ద రేవుల్లో ఉన్న తన 3,500 మంది సభ్యులు ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధ సరుకును ముట్టరని ప్రకటించింది. ఆ మే నెలలో మరియాన్ డానికా అనే డెన్మార్క్ జెండా ఓడను కార్తహేనా రేవుకు రానివ్వబోమని స్పెయిన్ విదేశాంగ మంత్రి చెప్పాడు. అందులో సుమారు 27 టన్నుల పేలుడు పదార్థాలున్నాయనీ, వెళ్లాల్సింది ఇజ్రాయెల్‌లోని హైఫాకనీ పత్రికలు రాశాయి. బయల్దేరింది చెన్నై నుంచి.