కోయంబత్తూరు షెడ్డులో పుట్టిన వేగం

తోట్లవల్లూరు లంకల్లో పసుపు చేలోనో కంద చేలోనో బోరు దగ్గర ఆగి మోటారు మీది పలక చూస్తే, తరచుగా కనిపించే ఊరి పేరు కోయంబత్తూరు. కృష్ణా డెల్టా రైతుకు ఆ ఊరంటే నీళ్లు తోడే మోటారు, పంపు. అయితే అదే ఊళ్లో, ఆ మోటార్లు చేసే లేతు మిషన్ల మీదే, మన దేశపు రేసు కార్లు కూడా తయారయ్యాయి. వాటిని కట్టించినవాళ్లలో ముఖ్యులు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలవాళ్లు. తెలుగువాళ్ల యంత్రవిద్య గురించి చెప్పుకునేటప్పుడు ఈ కథను పక్కన పెట్టడం న్యాయం కాదు.

విజయనగర రాజుల కాలంలోనూ ఆ తర్వాత నాయక రాజుల కాలంలోనూ దక్షిణానికి వలస వెళ్లిన తెలుగు రైతులు కొంగునాడు నల్లరేగడి నేలల్లో స్థిరపడి పత్తి పండించారు. 1888లో రాబర్ట్ స్టేన్స్ అక్కడ నూలు మిల్లు పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశారు. 1926లో పి.ఎస్.జి. కుటుంబం ధర్మసంస్థ నెలకొల్పి పనివిద్య నేర్పించడం మొదలుపెట్టింది. 1930ల ఆరంభంలో పైకారా జలవిద్యుత్తు ఊళ్లోకి వచ్చేసరికి మిల్లులు పెరిగాయి. మిల్లు యంత్రం చెడితే ఇంగ్లండు నుంచి విడిభాగం వచ్చేదాకా కూర్చోలేరు గనుక ఊళ్లోనే పోతపోసి, లేతు మీద సాపు చేసుకున్నారు. తర్వాత వచ్చిన రేసు కార్లకు బడి అదే.

ఆ బడిలో అందరికంటే పెద్ద పేరు జి.డి. నాయుడిది. 1893లో పుట్టిన ఆయన 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి దాన్ని పెద్ద రవాణా సంస్థగా పెంచారు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే మొదటిదిగా పేరొందిన ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు రూపొందించి, దాని ధర రెండు వేల రూపాయలని చెప్పారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. ఆ కాగితం మీద సంతకం పడి ఉంటే దక్షిణాది రోడ్ల చరిత్ర ఇంకోలా నడిచేదని అనిపించక మానదు.

తెలుగు నేల మీద అపురూపమైన కార్లకు అప్పటికే చరిత్ర ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన కోసం సింహాసనం లాంటి ఆసనంతో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చేయించుకున్నారు. కారు చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు ప్రభువు ఇంగ్లండులో చేయించారు. కోయంబత్తూరు మిల్లు కుటుంబాల పిల్లలు సొంతంగా కట్టడానికి పూనుకున్నారు. ఈ వ్యాసానికి ఆ రెండో దారి ముఖ్యం.

వాళ్లకు దొరికిన పోటీ మైదానం షోలవరం. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే లారీలకు రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే తగిలే ఊరది. రెండో ప్రపంచ యుద్ధం కోసం అక్కడ విమానాల రన్‌వే వేశారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ కాంక్రీటు మీద పోటీలు పెట్టి, దాన్ని దేశంలో పేరున్న రేసుగా నిలబెట్టింది. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి పరిగెత్తించింది ఇక్కడే. అలాంటి కారు తెప్పించుకోగలిగినవాడు ముందుంటాడు; అంబాసిడర్‌నో ఫియట్‌నో సానబట్టి తెచ్చినవాడు వెనకబడతాడు. ఎవరు బాగా నడిపారో, ఎవరి డబ్బు బాగా నడిచిందో తేల్చడం కష్టం.

లక్ష్మీ మిల్స్ స్థాపకుడి మనవడు సుందరం కరివర్ధన్‌కు ఈ తేడా కంటగింపుగా ఉండేది. 1954లో పుట్టిన ఆయన్ని అందరూ కరి అనేవారు. స్వయంగా మంచి డ్రైవరు, అంతకుమించిన కార్ల రూపశిల్పి. ఆయన వేసిన ప్రశ్న సూటిగా ఉంది: విదేశీ కారు కొనలేని కుర్రాడు రేసు ఎలా నేర్చుకుంటాడు? సమాధానం 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800లో దొరికింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, 40 అశ్వశక్తికి లోపే. విడిభాగాలు మాత్రం ప్రతి ఊళ్లో దొరికేవి.

మామూలు మారుతిలో ఇంజిన్ ముందు ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. కరి ఆ ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ డ్రైవరు వీపు వెనక్కి మార్చారు. ఉక్కు గొట్టాలు అతికించి సన్నని చట్రం కట్టారు. తలుపులు లేవు, అద్దాలు లేవు, పైకప్పు లేదు, ఒక్కరే కూర్చోవాలి. బరువు వెనక్కి జరగడంతో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తిరిగే చక్రాలకు నేల మీద పట్టు దొరికింది. ముందు చక్రాలకు మలుపు తిరిగే పని ఒక్కటే మిగిలింది. ఇంజిన్ అదే, శక్తి అదే. అది మోయాల్సిన బరువు బాగా తగ్గింది. 1988లో ఈ ఫార్ములా మారుతి రేసుల్లోకి దిగింది. కార్లన్నీ ఒకే అచ్చువి కావడంతో గెలుపు డ్రైవరు చేతుల్లోకి వచ్చింది. కరి చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది ఇదే.

ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లకు కూడా మొదటి పాఠం బరువే. గోర్డన్ మర్రే గీసిన మెక్‌లారెన్ ఎఫ్1 కోసం బాడీని కార్బన్ ఫైబర్‌తో చేశారు. ఇంజిన్ వేడిని తిప్పికొట్టడానికి ఇంజిన్ ఉండే గదికి బంగారు రేకు అతికించారు. అన్నీ కలిపి 106 కార్లే కట్టారు. 1998లో ఒకటి గంటకు 386 కిలోమీటర్లు అందుకుంది. ఆ పైన గాలి గోడలా అడ్డు నిలుస్తుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే 2005లో వచ్చిన బుగాటి వేరాన్‌కు 400 దాటడానికి 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1001 అశ్వశక్తి అవసరమయ్యాయి. అంత వేడి చల్లార్చడానికి పది రేడియేటర్లు పెట్టారు. అలాంటివి వందల్లోనే తయారవుతాయి.

1990లో షోలవరం రన్‌వే బదులు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో అసలైన రేసు ట్రాక్ సిద్ధమైంది. అక్కడ 1992లో పదిహేనేళ్ల కుర్రాడొకడు ఫార్ములా మారుతిలో తొలి రేసుకే విజేతల వేదిక ఎక్కాడు. అతను నారాయణ్ కార్తికేయన్. కోయంబత్తూరు తెలుగు కుటుంబాల్లోనే పెరిగినవాడు, తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీల్లో జాతీయ విజేత. 1996లో నారాయణ్ ఫార్ములా ఆసియా టైటిల్ గెలిచాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ కారుతో బరిలో దిగి, ఫార్ములా వన్ రేసులో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. ఆ జూన్‌లో ఇండియానాపొలిస్‌లో టైర్ల భద్రత మీద తగువు వచ్చి ఆరు కార్లే పరిగెత్తితే, నాలుగో స్థానంలో నిలిచి ఐదు పాయింట్లు తెచ్చుకున్నాడు.

ఆ రోజులు చూడటానికి కరి లేరు. 1995లో చిన్న విమానం కూలి, నలభయ్యొక్క ఏళ్లకే ఆయన చనిపోయారు. ఆయన మిత్రుడు, ఎల్‌జీబీ సంస్థ అధినేత బి. విజయకుమార్ ఆ పని వదిలిపెట్టలేదు. ఫార్ములా ఎల్‌జీబీ పేరుతో తర్వాతి తరం కార్లు వచ్చాయి. 2003లో కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే తెరుచుకుంది.

ఇక 2022. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో ఉన్న నాట్రాక్స్ పరీక్షా కేంద్రంలో 11.3 కిలోమీటర్ల అండాకారపు ట్రాక్ ఉంది. దాని మీదికి పినిన్‌ఫరీనా బటిస్టా వచ్చింది. మహీంద్రా గ్రూపు సంస్థ ఇటలీలో కట్టే ఎలక్ట్రిక్ హైపర్‌కార్ అది. నాలుగు మోటార్లు, 1900 అశ్వశక్తి, మొత్తం 150 కార్లే అని ప్రకటన. నిలిచిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగానికి రెండు సెకన్లయినా పట్టదు. దాన్ని గంటకు 350 కిలోమీటర్లు దాటించి భారతదేశపు వేగ రికార్డు పెట్టింది నారాయణ్ కార్తికేయనే. 796 సీసీ ఇంజిన్ మీద చేయి తిరిగిన మనిషికి 1900 అశ్వశక్తి లొంగింది. కరి పెట్టిన బడి ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బటిస్టా తెలుగు నేల మీదికీ వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్క వీధుల్లో ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు హైదరాబాదులో దాన్ని ప్రదర్శించారు. రేసు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు జరగాల్సిన పోటీ రద్దయింది. ఒక్క రోజు పండుగతో వేగవిద్య ఊళ్లో నాటుకోదు. దానికి షెడ్డు కావాలి, ట్రాక్ కావాలి, తప్పులు చేయడానికి ఏళ్లు కావాలి.

ఆ వసతి కరి స్పీడ్‌వేలో ఉంది. ఫార్ములా భారత్ పేరుతో జరిగే పోటీకి దేశమంతటి నుంచి ఇంజినీరింగ్ విద్యార్థులు తాము గీసి, అతికించి, బిగించిన ఒంటి సీటు కార్లను అక్కడికి తెస్తారు. వేగంతో పాటు రూపకల్పనకూ, ఖర్చు లెక్కలకూ మార్కులు ఉంటాయి. పెట్రోలు కార్లకు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. ఎలక్ట్రిక్ కార్లకు వేరే విభాగం. తోట్లవల్లూరుకు దగ్గర్లోనే విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వెల్డర్లు, లేతు పనివాళ్లు ఉన్నారు. కృష్ణా జిల్లా కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు గీసిన చట్రాన్ని అక్కడి షెడ్డులో కట్టించి చెట్టిపాళయం పంపాలంటే కావలసిన చేతిపని అంతా ఈ పక్కనే ఉంది.