చూపు వచ్చిందన్న మాటకు అర్థం: ఉత్తరాంధ్రలో శుక్లాల చికిత్స

కంటిలోని సహజ కటకం మసకబారి వెలుతురును అడ్డగించే స్థితినే శుక్లం అంటారు. శ్రీకాకుళం గంజాం జిల్లాలోను, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను ఉండిన మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, ఊరూరా తిరిగే వైద్యులు శలాక అనే సూదితో ఆ కటకాన్ని కంటి లోపలికి నెట్టేవారు. రోగికి అప్పటికప్పుడు చూపు వచ్చినా, తరవాత వాపు, ఒత్తిడి పెరిగి అనేకుల కళ్ళు పోయిన తీరును మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి మాజీ అధిపతి రాబర్ట్ హెన్రీ ఇలియట్ 1918 నాటి గ్రంథంలో వివరించాడు.

కటకాన్ని పూర్తిగా తీసివేసే శస్త్రచికిత్స స్థిరపడ్డాక కళ్ళు నిలిచాయి గాని, సుమారు 10 డయాప్టర్ల దళసరి అద్దాలు లేనిదే చూపు ఆనేది కాదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ కటకం అమర్చినా, అది పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. 1994–2002 మధ్య ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలలో సాగిన అంధత్వ నివారణ పథకం ఆ మార్పును వేగిరపరచింది.

ఆ తరవాత మిగిలిన చిక్కు ఆస్టిగ్మాటిజం, అనగా కంటి ముందుపొర వంపు అన్ని దిశలలో సమంగా లేక బింబం చెదరడం. 10–12 మిల్లీమీటర్ల పాత కోత, దాని కుట్లు ఆ వంపును మరింత పెంచేవి. శుక్లాన్ని అతిధ్వని కంపనాలతో చితిపి తీసే ఫేకో పద్ధతిలో సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గిన కోత దానిని చాలావరకు నివారించింది. పుట్టుకతో ఉన్న వంపును సరిదిద్దే టోరిక్ కటకానికి 1998లోను, దూరాన్నీ దగ్గరనూ చూపించే మల్టీఫోకల్ కటకానికి అంతకు ముందటి ఏడాదిలోను అమెరికా అనుమతి లభించగా, తరవాత ఆ రెండు గుణాలూ ఒకే కటకంలో కలిశాయి. దానిని అమర్చుకున్నవారిలో ఎక్కువమంది కళ్ళజోడు అవసరం లేకుండానే దూరాన్ని చూస్తూ, దగ్గర పనులూ చేసుకోగలుగుతారు. అయితే కటకం ఒక్క డిగ్రీ తిరిగినా వంపును సరిదిద్దే ప్రభావంలో సుమారు 3 శాతం తగ్గుతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఆ ఫలితమే ఉండదు. రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనబడడం, వెలుగునీడల తేడా కొంత మందగించడం కూడా ఉన్నాయి. అందుకే రెటీనా జబ్బు, గ్లకోమా ఉన్నవారికి వైద్యులు సాధారణంగా దీనిని సూచించరు.

ఉత్తరాంధ్రలో వాలుగ చేప దవడతో దూదిని శుభ్రపరచి సన్నని నూలు వడికే పొందూరు స్త్రీకి, పనసచెక్కను తొలిచి వీణ మలిచే బొబ్బిలి కళాకారునికి దగ్గర చూపే జీవనాధారం. ఎదుటి మనిషిని పోల్చుకోగలిగితే చాలుననుకున్న నాటి కొలత వారి చేతిపనికి సరిపోదు. శస్త్రచికిత్స ఫలితాన్ని ఆసుపత్రి గోడమీది అక్షరాలతోపాటు నూలుపోగు దగ్గర, ఉలి మొన దగ్గర కూడా కొలిచినప్పుడే ఈ సీమలో చూపు వచ్చిందన్న మాట నిండుగా నిజమవుతుంది.