హిమాయత్

1998 మార్చి 28న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్ష నెగ్గింది. అనుకూలంగా 274, వ్యతిరేకంగా 261. ఆ 274లో తెలుగుదేశం ఓట్లున్నాయి. అంటే మా ఓట్లున్నాయి.

మేం అప్పుడే ఓటుహక్కు వచ్చిన నంద్యాల ముస్లిం కుర్రాళ్ళం. నెల కిందట వేసిన సిరా మరక గోటి అంచున ఇంకా పోనేలేదు. మేం ఓటేసింది యునైటెడ్ ఫ్రంట్‌కి. ఆ ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబునాయుడు. కమ్యూనిస్టులూ ఆయన పక్కనే ఉన్నారు. మతతత్వాన్ని ఆపడానికే ఈ కూటమి అని మైకులో చెప్పారు, మేం నమ్మాం.

నమ్మడానికి కారణం మా ఊరే. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు పార్లమెంటుకు వెళ్ళింది నంద్యాల ఉప ఎన్నిక నుంచే. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే నిలపలేదు. మెజారిటీ 5 లక్షలు దాటింది. ఆ ఓట్లలో మా అబ్బా ఓటూ, అమ్మీ ఓటూ ఉన్నాయి. మరుసటి ఏడాది డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. కూలుతున్న గంటల్లో ఢిల్లీలో కూర్చున్నది మేం పంపిన మనిషే. 1996లోనూ ఆయన నంద్యాలలో గెలిచాడు గానీ మెజారిటీ బాగా తగ్గింది. బరంపురం ఉంచుకుని మా సీటు వదిలేశాడు. ఆ ఉప ఎన్నికలో గెలిచిన తెలుగుదేశమే 1998లోనూ గెలిచింది. ఒక పార్టీ మీద కోపం ఇంకో పార్టీకి సీటయింది. మాలాంటి వాళ్ళ ఓటు చాలాసార్లు అలాగే పుడుతుంది.

1998 ఫలితాల్లో బీజేపీకి 182 సీట్లు వచ్చాయి. మన రాష్ట్రంలో తెలుగుదేశం 1996లో గెలిచిన 16 నుంచి 12కు పడిపోయింది. కాంగ్రెస్ 22 దగ్గరే నిలిచింది. బీజేపీ సున్నా నుంచి నాలుగుకు పెరిగింది. ఓట్ల లెక్కలో తెలుగుదేశం దెబ్బ తిన్నట్టే. కానీ ఎన్నికల తర్వాత పార్టీ బలాన్ని తూచేది దానికి ఎన్ని సీట్లున్నాయని కాదు, ఎదుటివాడికి ఎన్ని తక్కువయ్యాయని. వాజ్‌పేయికి తక్కువయ్యాయి. ముందు తటస్థం అన్నారు. ఆ తర్వాత పన్నెండు మందిలో ఒకరైన బాలయోగి స్పీకరయ్యారు. మిగిలిన పదకొండు మంది అటు కాక ఇటు వేసి ఉంటే ఆ ప్రభుత్వం పదిరోజులకే పడిపోయేది.

మా ఇంట్లో రెండు పత్రికలు వచ్చేవి. అబ్బా ఉర్దూ చదివేవాడు, మేం తెలుగు. తెలుగులో అది రాష్ట్ర ప్రయోజనాల వార్త, బాబు ఢిల్లీలో చక్రం తిప్పిన వార్త. ఉర్దూలో అది ఒక్క మాట: హిమాయత్. ఆ మాటకు మద్దతనే కాదు, రక్షణ, అండ అనే అర్థాలూ ఉన్నాయి. "కిస్కీ హిమాయత్?" అన్నాడు అబ్బా పత్రిక మడుస్తూ. ఎవరికి అండ? మేం జవాబు చెప్పలేదు. తెలుగులో దానికి ఇంకో తమాషా పేరుంది, "బయటి నుంచి మద్దతు". ఇంట్లోకి రాడు, ఇల్లు మాత్రం నిలబెడతాడు. లోపల ఏం జరిగినా నాకేం తెలుసంటాడు.

ఆ తర్వాత తెలుగుదేశానికి ఏమైంది? ఏమీ కాలేదు, పెరిగింది. 1999లో బీజేపీతో కలిసి పోటీ చేసి 29 సీట్లు గెలిచింది. మిత్రపక్షం బీజేపీకి మరో ఏడు వచ్చాయి. మేం దూరమైనందుకు పార్టీ నష్టపోతుందని మాలో కొందరు లెక్కలు వేశారు. ఆ లెక్క తప్పింది. ఒప్పుకోడానికి ఇబ్బందే, కానీ చరిత్ర రాసేటప్పుడు ఒప్పుకోవాలి.

2002లో గుజరాత్ తగలబడింది. ముఖ్యమంత్రిని మార్చమని తెలుగుదేశం అడిగింది. లోక్‌సభలో దానిమీద ఓటింగు వచ్చేసరికి పాల్గొనలేదు. మద్దతూ తీసేయలేదు.

2004లో ఓడిపోయింది. లోక్‌సభలో 5, అసెంబ్లీలో 47. కరువూ, కరెంటూ, రైతు ఆత్మహత్యలూ, తెలంగాణా కలిసి ఓడించాయి. మా బాధ కూడా అందులో ఉంది గానీ ఎంతుందో కొలిచినవాడు లేడు. గెలిచిన కాంగ్రెస్ ఆ ఏడే ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అది కోర్టులో నిలవలేదు. 2007లో వెనుకబడిన ముస్లిం బృందాలకు 4 శాతంగా చట్టం చేశారు, అదీ కోర్టుల చుట్టూ తిరుగుతూనే వచ్చింది. అయినా మా పిల్లలు కొందరు దానితోనే మెడిసిన్ సీట్లలోకి వెళ్ళారు. ఎన్నికల తర్వాత మా చేతికి నికరంగా అందిన వాటిలో ఇదొకటి.

తెలుగుదేశం 2009లో మళ్ళీ కమ్యూనిస్టుల పక్కన, 2014లో మళ్ళీ బీజేపీ పక్కన నిలబడింది. 2018లో బయటికొచ్చి మరుసటి ఏడాది మూడు సీట్లకు పడింది. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగిపోయింది. తెలుగుదేశానికి 16 వచ్చాయి, అందులో నంద్యాల ఉంది. ఎదుటివాడికి మళ్ళీ తక్కువయ్యాయి. తేడా ఒకటే, ఈసారి మమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. ఎన్నికలకు ముందే పొత్తు చెప్పారు. తెలిసే వేసినవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఇసుక ధర, రాజధాని, పాత ప్రభుత్వం మీద కోపం. ముస్లిం అయినంత మాత్రాన మాకు ఇసుక అక్కర్లేదా?

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది. తెలుగుదేశం అనుకూలంగా వేసింది. ఆ రాత్రి మేం డెస్కులో ఉన్నాం. వార్త ముందు తెలుగులో రాసి, తర్వాత ఉర్దూలో రాశాం. హిమాయత్ మే 288, ముఖాలిఫత్ మే 232. అబ్బా లేడు. ఆ మాట ఈసారి మేమే టైపు చేశాం.